ఇద్దరు కెజియాలు

"మీరు ఇద్దరున్నారండీ," అన్నాడు ఫణికిరణ్, కంప్యూటర్ మీంచి కళ్ళు తీయకుండా.

కౌంటర్ ముందు నిలబడ్డ కెజియా వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. "నేనొక్కదాన్నే వచ్చానండీ."

"సిస్టమ్‌లో అండీ. ఎమ్మెస్సీ చదివిన టి. కెజియా ఒకరు. ఇప్పుడు పీహెచ్‌డీలో చేరిన కెజియా రాణి ఇంకొకరు. మొదటావిడ చదువు అయిపోయింది కాబట్టి ఆవిడ అకౌంట్ మూసేశాం."

తాడేపల్లిగూడెం దగ్గరి ఆ యూనివర్సిటీలో ఎవరికి ఏ లాగిన్ ఇవ్వాలి, ఆ లాగిన్‌తో ఏం తెరుచుకోవాలి అన్నది చూసే ఉద్యోగం ఫణికిరణ్‌ది. కెజియాది మండవల్లి. ఎమ్మెస్సీ రోజుల్లో ఏడాదిపాటు నాన్న పడవలో తిరిగి కొల్లేరు నీళ్ళ మీద తీసిన రీడింగులన్నీ ఆ మూసేసిన అకౌంట్లో ఉన్నాయి. శుక్రవారం వాటిని కమిటీకి చూపించాలి. లేకపోతే పరిశోధన మళ్ళీ మొదటినుంచి.

"అయితే ఇద్దర్నీ కలిపేయండి."

"ఇద్దరూ ఒకరేనని రుజువు కావాలండీ. టెన్త్ సర్టిఫికెట్, మీ హెడ్ గారి సంతకం."

"నేను ఎదురుగానే ఉన్నాను కదండీ."

"మీరున్నారండీ. కాగితం లేదు."

కెజియా వానలోకి వెళ్ళిపోయింది. గొడుగు కూడా తెరవలేదు.

గురువారం మధ్యాహ్నం సర్టిఫికెట్‌నీ, హెడ్ గారి సంతకమున్న ఉత్తరాన్నీ పాలిథిన్ కవర్లో చుట్టుకుని వచ్చింది. కాగితాలు పొడిగానే ఉన్నాయి, మనిషే తడిసిపోయింది. ఫణికిరణ్ ఫ్యాన్ ఆమె వైపు తిప్పి పని మొదలుపెట్టాడు.

"నిన్న ఎవరో ఫోన్ చేసి, నేనే కెజియాని, పాస్‌వర్డ్ చెప్పండి అన్నారండీ."

కెజియా తలదించుకుంది. "మా చెల్లి హెప్సిబా. నా ఏడుపు చూడలేక చేసింది. చెప్పేశారా?"

"లేదండీ. చాలా మర్యాదగా మాట్లాడారు. మీరు కాదని అక్కడే తెలిసిపోయింది."

కోపం తెచ్చుకోవాలనుకుంది కానీ నవ్వొచ్చేసింది. ఈలోగా స్క్రీన్ మీద ఏడాది రీడింగులూ వరసగా తెరుచుకున్నాయి.

కమిటీ గండం గట్టెక్కింది. తర్వాత రెండు నెలల్లో కెజియాకి ఆ కౌంటర్‌తో చాలా పనులు పడ్డాయి. ల్యాబ్ తలుపు కార్డు, లైబ్రరీ లాగిన్, ప్రింటరు. ప్రింటరు మాత్రం బాగానే ఉండేది.

ఒక సోమవారం ఫణికిరణ్ తలెత్తకుండా అన్నాడు, "ఇకనుంచి మీ పనులు ఆనంద్ పాల్ గారు చూస్తారండీ."

పక్క సీట్లోని పెద్దాయన ఆనంద్ పాల్ రమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. కెజియా మొహం చిన్నబోయింది. వారం రోజులు ఆ వైపు వెళ్ళలేదు. చివరికి ఉండబట్టలేక ఆనంద్ పాల్ గారినే అడిగింది.

"నీ పనులు నాకు మార్చమని వాడే రాసిచ్చాడమ్మా. ఎందుకో నేను చెప్పకూడదు. అయిదున్నరకి ఏలూరు బండి ఎక్కుతాడు, వెళ్ళి అడుగు."

ప్లాట్‌ఫాం రేకుల మీద వాన మోత. ఫణికిరణ్ లంచ్ బ్యాగ్ పట్టుకుని బెంచీ చివర కూర్చున్నాడు. కెజియా రెండో చివర కూర్చుంది.

"నన్నెందుకు ఇంకొకరికి అప్పగించారండీ?"

అతను పట్టాలవైపు చూస్తూ అన్నాడు, "మీరు ఎప్పుడు లాగిన్ అయ్యారో, ఎక్కడినుంచి అయ్యారో నాకు కనబడుతుందండీ. ఈమధ్య ఆఫీసుకి రాగానే మీరొచ్చారో లేదో అందులో చూడాలనిపించేది. చూడలేదు. కానీ రోజూ అనిపించేది. అలాంటివాడి చేతిలో మీ అకౌంట్ ఉండకూడదు."

"ఎందుకనిపించేదో?" అంది, తెలిసే.

"ఇష్టం కాబట్టండీ. ముందు ఆ అధికారం వదులుకుని, తర్వాత మీకు చెప్దామనుకున్నాను. వదులుకున్నాక చెప్పడానికి ధైర్యం చాల్లేదు."

"అంటే నాకంటే ముందు ఆనంద్ పాల్ గారికి తెలుసన్నమాట."

"ఫారంలో కారణం రాయాలండీ."

"ఏం రాశారు?"

"వ్యక్తిగతం అని."

కెజియా చున్నీ అంచుతో నవ్వు దాచుకుంది. తర్వాత మెల్లగా అడిగింది, "మేం చర్చికి వెళ్ళేవాళ్ళం. మీ ఇంట్లో?"

"అమ్మకి చెప్పానండీ. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగోరోజు, అయితే ఆదివారం కోడలు చర్చికి వెళ్తే వంట నేనే చేసుకోవాలన్నమాట అంది."

బండి వచ్చింది. ఇద్దరూ ఒకే పెట్టె ఎక్కారు. "ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మా ఊరు రండి," అంది కెజియా. "నాన్నతో మీరే మాట్లాడాలి."

కెజియా నాన్న తోమా మాటకారి కాదు. వచ్చినవాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టకుండా నేరుగా పడవ ఎక్కించాడు. వెనక కెజియా కూర్చుంది. చెరువుల గట్లు దాటి నీళ్ళు విశాలమయ్యాక పడవ ఆపాడు. ఫణికిరణ్ రెండు చేతులతో అంచు పట్టుకుని, చెప్పాలనుకున్నదంతా తడబడుతూ చెప్పాడు.

తోమా చివరిదాకా విన్నాడు. "ఈత వచ్చా?"

"రాదండీ."

"మరి ఎందుకెక్కావు?"

"మీరు ఎక్కమన్నారు కదండీ."

తోమా కూతురివైపు చూశాడు. ఆమె నీళ్ళవైపు చూస్తోంది, చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. ఆయన పడవ నడిపే గెడ ఆమె చేతికిచ్చి, అల్లుడు కాబోయేవాడి పక్కకి వచ్చి కూర్చున్నాడు.

"అంచున వద్దు, మధ్యకి జరుగు బాబూ," అన్నాడు. "అమ్మాయి నెమ్మదిగా నడిపే రకం కాదు."