నాన్న మడమలు ఆనిన చోటు

"ఆ సొట్టలు తియ్యమని నిన్నెవరడిగారు?"

వెల్డరు చేతిలో సుత్తి అలాగే ఆగిపోయింది. మెచ్చుకుంటుందనుకున్నాడు పాపం. పెరట్లో బోర్లించిన పాత అల్యూమినియం పడవ అడుగును, ఆమె ఆస్పత్రి డ్యూటీ నుంచి వచ్చేలోగా, కొట్టి కొట్టి పళ్ళెంలా చదును చేశాడు.

"సర్‌ప్రైజ్ ఇద్దామని..."

"అవి నాన్న మడమలు ఆనిన చోట్లు. ఏళ్ళ తరబడి అక్కడే కాళ్ళు తన్నిపట్టి తెడ్లు వేశాడు. నాన్న పోయాక నాకు మిగిలినవి అవే."

పడవ మరమ్మతు మొదలుకాక ముందు ఆమె రోజూ సాయంత్రం ఆ పడవెక్కి ఊరికే ఎందుకు కూర్చునేదో, పక్కింటివాడై ఉండీ అతనెన్నడూ అడగలేదు. గోడ మీంచి ఆమె కళ్ళు చూసుకోవడంతోనే సరిపోయింది.

"మళ్ళీ నొక్కనా?" అన్నాడు.

"నువ్వు నొక్కితే నాన్నవవుతాయా?"

తలుపు ధడాలున వేసేసుకుంది.

ఇక తనతో మాట్లాడదేమోనని భయపడుతూనే, మర్నాడూ వచ్చాడు. రేకుల్ని కలిపే రివెట్లు బిగించాలంటే ఇద్దరుండాలి. పైనుంచి ఒకరు కొడుతుంటే, పడవ కింద దూరి ఇంకొకరు ఇనుప దిమ్మ అదిమి పట్టాలి. ఇన్నాళ్ళూ ఆ దిమ్మ ఆమెదే. కిందనుంచి రోజూ కేకలేసేది.

"మెల్లగా కొట్టు మహానుభావా! చెవులు చిల్లులు పడుతున్నాయి."

"చిల్లులు పూడ్చడమే కదా మేడమ్ నా పని!"

ఈసారి కిందకి ఆమె తల్లి దూరింది.

"అయ్యో, మీరెందుకత్తయ్యా!"

"కొట్టు బాబూ. పడవ పాడు చేస్తున్నావని మీ మామయ్యను ఎన్ని మాటలన్నానో! ఆ సొట్టలు తీయించమని అప్పట్లో ఆయన్ని పోరింది నేనే."

గుమ్మంలో నిలబడ్డ కూతురు అంతా విన్నది. వచ్చి, "లేమ్మా, నేను పడతా" అని దిమ్మ అందుకుంది.

వాన మొదలైంది. ఆమె ఏడుపు పైకి వినపడకూడదని, అతను తడుస్తూనే కొట్టాడు.

చివరికి పడవను చెరువులో దింపారు. ఆమె తెడ్లు పట్టింది. మడమలు నున్నటి అడుగు మీద జారిపోయాయి. మళ్ళీ ఆన్చింది, మళ్ళీ జారాయి.

ఎదుటి బల్ల మీదున్న అతను చెప్పులు విప్పి, తన పాదాలను ఆమె అరికాళ్ళకు ఆనించాడు.

"వీటిని తన్నిపట్టు."

"నీకు నొప్పెడుతుంది."

"పెట్టనీ. నువ్వు దిగిపొమ్మనేదాకా తియ్యను."

"నేననను," అంది, ఎటో చూస్తూ.

ఒడ్డున అమ్మ కళ్ళు ఒత్తుకుని, వెళ్ళిరండన్నట్టు చెయ్యి ఊపింది. ఆమె ఏడుస్తూనే, బలంగా తన్ని, తెడ్లు లాగింది.