పదకొండు గుండీలు

“పద్దెనిమిది వందల అరవైల నాటి ప్రింట్. అమెరికా అంతర్యుద్ధం,” అన్నాడు మన గూఢచారి విభాగం చీఫ్ ఆనందరావు.

అరబ్బు దేశంలో, అల్ మన్సూరా పేటలో రెండో అంతస్తు ఫ్లాట్. టేబుల్ మీద ఆ ప్రింట్ ఫొటో. నీలం కోట్లవాళ్ళూ బూడిదరంగు కోట్లవాళ్ళూ ఒకరినొకరు పొడుచుకుంటున్నారు. కోట్లే వేరు, ముఖాలన్నీ ఒక తల్లి బిడ్డలవే.

“నేలకొరిగినవాళ్ళు పదకొండు మంది. ఒక్కొక్కడి గుండీ మీద కంటికానని చుక్క, ఒక మైక్రోడాట్, ఒక్కో డాట్‌లో మన ఏజెంట్ పేరు. ఐదింటికి బిన్ మహమూద్‌లో ఫ్రేముల షాపులో చేతులు మారుతుంది. ఆలోపు ఒరిజినల్ నాకు కావాలి.”

“తెచ్చేది సుర్రయ్యానే గదా సార్,” అన్నాడు రాజేందర్.

సుర్రయ్యా ఆ పేర్లు అమ్మే ముఠాకు పాత చిత్రాల ఎక్స్‌పర్ట్. నిజానికి మన డబుల్ ఏజెంట్. రెండేళ్ళుగా రాజేందర్‌ది ఆమె హౌస్ డ్రైవర్ వేషం. ఆమె ఎప్పుడూ వెనక సీటే. ప్రేమ కబుర్లన్నీ అద్దంలో చూసుకునే చెప్పుకున్నారు.

నాలుగున్నరకు సుర్రయ్యా ఉండే అల్ ఘర్రాఫా విల్లా ముందు కారు ఆగింది. ఈ పని అయితే రేపు ఇద్దరూ ఇండియాలో ఉంటారు. ఆ సంతోషంలో సుర్రయ్యా ముందు తలుపు తీసి అతని పక్కన కూర్చుంది. వద్దనాల్సినవాడు పొంగిపోయి ఊరుకున్నాడు. గేటు దగ్గర ముఠా మనిషి బాసిత్ చూశాడు.

దారిలో ఆమె ప్రింట్ చుట్టి పెట్టిన ట్యూబ్ అడుగు తిప్పింది. ఒరిజినల్ బయటికి వచ్చింది, కాపీ దాని చోటికి జారింది. ఒరిజినల్‌ని సీటు కిందికి తోసింది. అప్పుడే రాజేందర్ ఇయర్‌పీస్‌లో బాసిత్ గొంతు. బాసిత్ ఫోన్‌కు మనవాళ్ళు పెట్టిన బగ్ ఉంది.

“మేడమ్ డ్రైవర్ పక్కన కూర్చుంది, సాబ్. ఏ ఇంటి మేడమ్ అట్ల కూసుంటది? వెనకనే వస్తున్న.”

రాజేందర్ చెప్పిన సంగతి విని సుర్రయ్యా కళ్ళు మూసుకుంది.

“బండి తిప్పుతున్న. ఇద్దరం పోదాం,” అన్నాడు రాజేందర్.

“పోతే వాడు మన ఎంట పడతాడు, పేర్లూ దొరుకుతాయి. నన్ను షాపు కాడ దించు. కాపీ నా చేతిలో ఉండేంతసేపు వాళ్ళ కండ్లు నా మీదే.”

“నాతోని కాదు సుర్రయ్యా.”

“పదకొండు మంది, రాజేందర్. యల్లా, పోనీ.”

షాపు ముందు దిగిన సుర్రయ్యా ట్యూబ్‌ను గుండెకు హత్తుకుని, పెళ్ళింటికి వెళుతున్నట్టు నింపాదిగా నడిచింది. బాసిత్ ఆమె వెనకే లోపలికి వెళ్ళాడు. రాజేందర్ ఏడుస్తూనే సిగ్నళ్ళు దాటాడు. ఆమె గాజులోని మైక్ ఇంకా పలుకుతోంది. కొనేవాడు భూతద్దం తెమ్మన్నాడు. గుండీల మీద ఏమీ లేదన్నాడు. చిన్న చప్పుడు. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు.

ఐదుకు నిమిషం ఉండగా ప్రింట్ ఆనందరావు చేతికి చేరింది. పదకొండు మంది బతికారు. వాళ్ళలో ఒక్కడి ముఖం కూడా రాజేందర్‌కు తెలియదు. అయినా ఆ క్షణంలో వాళ్ళందరి మీదా అతనికి కసి పుట్టింది.

ఆనందరావు లీవ్ ఫారం తీశాడు.

“ఓ పది రోజులు ఇంటికెళ్ళి రావయ్యా. అయినవాళ్ళు పోతే లీవ్ ఇస్తారు. ఆవిడ నీకేమవుతుందని రాయను?”

రాజేందర్ కారు తాళాలు టేబుల్ మీద పెట్టాడు.

“జరమొచ్చిందని రాయుండ్రి సార్.”