సీసపు తలుపు గదిలో

ముప్పై ఏళ్లు బస్సులో జనం మధ్య నలిగిన మనిషి. ఇప్పుడు తన చుట్టూ రెండు మీటర్ల లోపలికి ఎవరూ రాకూడదట. "ఇన్నాళ్లకి కాళ్లు చాపుకునే సీటు దొరికింది" అని నవ్వాడు కండక్టరు. మందు ఎక్కించిన నర్సు నవ్వలేదు.

ప్రొస్టేటులో పుట్టిన క్యాన్సరు వెన్నులోకీ తొడ ఎముకల్లోకీ పాకింది. ఈ రేడియేషన్ మందు రక్తంలో కలిసి, క్యాన్సరు కణాలను వెతుక్కుంటూ వెళ్లి, వాటికే అతుక్కుని కాల్చేస్తుందన్నారు. అది ఒంట్లో ఉన్నన్నాళ్లూ మనిషి నుంచి రేడియేషన్ బయటికి వస్తూనే ఉంటుందట. రెండు మోతాదులు అయ్యాయి. గుణం కనిపించలేదు. ఇది మూడోది. ఇదీ పనిచేయకపోతే ఇక చేయగలిగింది లేదని డాక్టరు అల్లుడితో చెబుతుంటే ఆయన చెవిన పడనే పడింది.

కూతురు కడుపుతో ఉంది. ఆసుపత్రి దరిదాపులకు రావద్దన్నారు. ఫోన్ చేసింది.

"భయంగా ఉందా నాన్నా?"

"భయమెందుకమ్మా? పడుకోవడమేగా పని."

కిటికీ లేని గది. సీసం రేకు తాపడం చేసిన బరువు తలుపు. కుళాయికీ స్విచ్చులకీ ప్లాస్టిక్ తొడుగులు. ఫినాయిలు వాసన. మధ్యాహ్నం గుమ్మంలో పెట్టిపోయిన అన్నం రెండు ముద్దలు తిని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఏసీ సన్నగా గుర్రుమంటోంది.

కాసేపటికి తడిమట్టి వాసన వచ్చింది. ఏసీ చప్పుడు ఆగిపోయింది.

వీపు వెనక పరుపు కుంగింది. మెల్లగా... మనిషి బరువంత.

"కాస్త జరుగు."

గొంతు చెవి పక్కనే ఉంది. ఊపిరి మాత్రం తగల్లేదు.

కండక్టరు గోడకేసే చూస్తూ అన్నాడు. "ఎవరూ... ఇక్కడికి ఎవరూ రాకూడదు."

"చలేస్తోంది. నువ్వు వెచ్చగా ఉన్నావు."

మంచుగడ్డలాంటిదేదో వీపుకు ఆనుకుంది. బెల్లు నొక్కుదామంటే చెయ్యి లేవలేదు. వెన్నులో, తొడల్లో, మందు చేరాల్సిన చోటల్లా ఏదో లాగుతోంది. దారం లాగినట్టు... ఒక్కో పోగూ...

తలుపు చప్పుడుకు తెప్పరిల్లాడు. రేడియేషన్ కొలత తీసుకోవడానికి టెక్నీషియన్ వచ్చాడు. గుమ్మంలోంచే మీటరు చాచాడు. దాన్ని తట్టి చూశాడు. దగ్గరికొచ్చాడు, రాకూడనంత దగ్గరికి. మీటరు ఉలకలేదు, పలకలేదు.

"పెద్దాయనా... పొద్దున మందు ఎక్కించారు కదా?"

మర్నాడు స్కాన్ తీశారు. మందు జాడే లేదు. ఎక్కడికి పోయిందో డాక్టరుకూ అంతుపట్టలేదు. నాలుగోది ఇవ్వనన్నాడు.

"ఇంకో ఆసుపత్రి చూద్దాం మావయ్యా" అన్నాడు అల్లుడు, కారు తీస్తూ.

"వద్దులే బాబూ. ఇంటికి పోదాం."

ఎవరికీ దూరంగా కూర్చోవాల్సిన పని లేదన్నారు. అయినా కండక్టరు వెనక సీట్లోనే ఓ మూలకు ఒదిగాడు. బండి కదిలింది. బీప్... బీప్... బీప్...

"బెల్టు పెట్టుకోండి మావయ్యా."

"పెట్టుకున్నాను."

అల్లుడు ముందున్న తెర వైపు చూశాడు. "మీది కాదు. మీ పక్క సీటుది. సెన్సారు పాడైనట్టుంది."

కండక్టరు తల తిప్పలేదు. గుడ్లప్పగించి రోడ్డునే చూస్తూ, పక్కకు చెయ్యి చాచి, తడుముకుంటూ ఆ బెల్టు లాగి తగిలించాడు. చప్పుడు ఆగింది.

బెల్టు సీటు మీద పడలేదు. సీటుకు జానెడు ఎత్తున, ఆయన చేతికింద బిగుతుగా ఆగింది.