చేదు తెలిసిన సాయంత్రం

"షక్కర్ బరాబర్ పడ్డది మేడం. మస్తుంది" అన్నాడు మణికంఠ, చిన్న కప్పు కింద పెడుతూ.

సౌజన్య కెటిల్ పట్టుకుని అలాగే ఆగిపోయింది. "అందుల షక్కర్ ఎక్కడిది?"

మణికంఠ ఖాళీ కప్పులోకి తొంగి చూశాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో యాదగిరి హోటల్ చాయ్ తెలియనివాళ్లు లేరు. ఆ యాదగిరి కొడుకే మణికంఠ, అక్కడి చాయ్ మాస్టర్. ఎల్బీనగర్ మెట్రో పక్కన టీ ఆకుల షాపు పెట్టిన సౌజన్య రోజూ ఆ హోటల్లో చాయ్ తాగి, నాలుగు వంకలు పెట్టి పోయేది. ఆ వంకల కోసమే అతను సాయంత్రాలు ఎదురుచూసేవాడు. "చైనా నుంచి కొత్త ఆకు వచ్చింది, పచ్చి పుయెర్. ఓసారి తాగి చూడున్రి" అని ఇవాళ ఆమె తన షాపుకు పిలిస్తే, చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చాడు.

హోటల్లో పుట్టి పెరిగినవాడు. ఎవరు చాయ్ పోసినా ముందు షక్కర్‌ను మెచ్చుకోవడం వాళ్లింటి మర్యాద. ఇవాళ ఆ మర్యాదే కొంప ముంచింది.

"గీ లేత ఆకు మొదటిసారి తాగినోళ్లు వేపాకు నమిలినట్టు మొహం పెడతరు. మీరేమో నవ్విన్రు. నన్ను ఎక్కిరిస్తున్నరా?"

"అయ్యో, లేదు మేడం."

"మరేంది?"

ఆ చూపు ముందు ఇంకో అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"జ్వరమొచ్చి పోయినప్పటి సంది నాలుకకు రుచి తెలుస్తలేదు. ఉప్పు లేదు, తీపి లేదు. మా అమ్మ పక్కన నిలబడి రుచి చూసి చెప్తే చాయ్ దించుతున్న. నాయినకు తెల్వదు. తెలిస్తే పొయ్యి కాడికి రానియ్యడు. నాకు ఇంకో పని రాదు."

నవ్వుతుందనుకున్నాడు. ఆమె స్టూల్ దగ్గరికి జరుపుకుంది.

"దవాఖానకు పోయిన్రా?"

"పోయిన. టైం పడ్తది, ఆగాలె అన్నరు."

"అయితే ఈడ కూసొని ఆగున్రి."

మూతకప్పులోని అదే ఆకు మీద మళ్లీ వేడినీళ్లు పోసి, వెంటనే వంచింది. తాగాడు. వేడి తెలిసింది, అంతే. మళ్లీ పోసింది. అదే వేడి.

"ఇడిసిపెట్టున్రి మేడం. మంచి ఆకు ఖరాబైతది."

"నా ఆకు, నా ఇష్టం. మీకేంది?"

ఈసారి మూత పెట్టి వంచకుండా ఉంచేసింది. "ఇంతసేపు ఎవరూ నాననియ్యరు. నన్ను తిట్టుకోకున్రి" అంటూ ముదురు రంగు దిగిన నీళ్లు కప్పులో పోసింది.

గుక్క లోపలికి పోగానే నాలుక వెనకాల చురుక్కుమంది. మొహం ముడుచుకుపోయింది.

"ఛీ! చేదు!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"మళ్లా అనున్రి" అంది సౌజన్య మెల్లగా.

"చేదు మేడం! విషమోలె ఉంది!" అతని కళ్ల నిండా నీళ్లు, మొహం నిండా నవ్వు. చేదుకు ఇంత మురిసిపోయిన మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు.

తర్వాతి కప్పులో చేదు కాస్త తగ్గింది. మింగాక గొంతులో ఏదో సన్నగా తీయగా తగిలింది. "ఇదేంది?" అన్నాడు బిత్తరపోయి.

"ఆకుదే. జర ఆలస్యంగ వస్తది."

వెంటనే అమ్మకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. సంగతి వినగానే అవతల ఇంద్రమ్మ ఏడ్చేసింది. "ఆ పిల్ల చల్లగుండ! ఇంటికి తీస్కరా బిడ్డా, చేతులు పట్టుకొని దండం పెడ్తా."

ఫోన్ పెట్టేశాక సౌజన్య కప్పులు సర్దుతూ అడిగింది. "నేనెవర్నని చెప్తవు మీ అమ్మకు?"

'మీరు' పోయి వచ్చిన ఆ 'చెప్తవు' విని మణికంఠకు ధైర్యం వచ్చింది.

"నాకు ఇష్టమైన పిల్ల అని చెప్తా. ఏ రుచీ తెల్వని రోజులల్ల గూడ నువ్వొస్తే మంచిగనిపించేది. నువ్వు చేసిన మేలు సచ్చేదాక మర్వను సౌజన్యా. కానీ నిన్ను ఇంటికి రమ్మనేది మేలు కోసం కాదు, నీ కోసం."

ఆమె చివరి కప్పు తుడిచి పెట్టి తల ఎత్తింది. బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి.

"మీ నాయినకు రుచి పోయిన సంగతి కూడ చెప్పాలె."

"భయమైతుంది."

"పక్కన నేనుంట గదా" అని సౌజన్య షట్టర్ దించి, తాళం వేసి, అతని చెయ్యి పట్టుకుంది.