తూము దగ్గర ఎర్రగీత

మండవల్లి వెళ్లే అడ్డదారిలో, తూము దగ్గర రోడ్డు తవ్వారు. అప్పట్నుంచీ ఆ చోటుకి చెడ్డపేరు. చీకటి పడిందా — ఫోన్లో మ్యాపు అక్కడ ఎర్రబడిపోతుంది. ముందు రోడ్డు పనులు, బండ్లు ఆగిపోయాయి అంటుంది. తీరా దూరం నుంచి చూస్తే ఒక్క బండీ కనబడదట! ఎప్పుడో కాలవలో పడి పోయిన వ్యానులోవాళ్లు దెయ్యాలై ఇంకా రోడ్డు దాటుతున్నారని డ్రైవర్లు తేల్చేశారు.

ట్రాలీ ఆటో నడిపే నిరంజన్ టీకొట్టు దగ్గర ఆ కథకి తనవంతు మెరుగులు కూడా దిద్దాడు. రోజూ చుట్టుదారే. ఆవేళ మాత్రం వెనకాల ఆక్సిజన్ సంచుల్లో చేపపిల్లలు, పక్కన వాటిని కొన్న సలోమిగారు. టైరు పంక్చరై అప్పటికే ఆలస్యమైంది.

"చుట్టూ తిరిగితే పిల్లలు బతకవు బాబూ. లీజుకి తీసుకున్న చెరువు ఈ యేడాదికి ఖాళీయే. తూము మీదుగా పోనివ్వు."

"ఎర్రగా ఉందండీ..."

"ఉండనీ."

ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పోనిచ్చాడు. సరిగ్గా తూము మీద, కంకరలో చక్రం కూరుకుపోయి ఇంజను ఆగింది. లైట్లు ఆర్పి మళ్లీ తాళం తిప్పబోతుంటే —

ఎదర మొహాలు.

ఒళ్లు లేవు... ఉత్త మొహాలే. నీలంగా వెలుగుతూ, మెల్లగా ఇటు వస్తున్నాయి, అటు వెళ్తున్నాయి. అర్థంకాని భాషలో ఏదో గొణుగుతున్నాయి.

"సలోమిగారూ... ప్రార్థన ఏదైనా..."

ఆవిడ పెదాలు అప్పటికే కదులుతున్నాయి.

ఓ మొహం దగ్గరకొచ్చి వంగింది.

"బండి తొయ్యాలా సార్?"

చేతిలో ఫోను. ఫోన్లో ఓ చంటిపిల్ల బోసినవ్వులు నవ్వుతోంది. రోడ్డు పనికొచ్చిన ఒడిశావాళ్లు! చుట్టూ చెరువులు, ఎక్కడా సిగ్నల్ అంది చావదు, ఎత్తుగా ఉన్న ఈ తూము మీద తప్ప. పని దిగాక ఇళ్లకి వీడియో కాల్ చేసుకుంటూ అటూ ఇటూ పచార్లు చేస్తారు. అన్ని ఫోన్లు నత్తనడక నడుస్తుంటే, బండ్లే ఇరుక్కున్నాయనుకుంది పిచ్చి మ్యాపు.

అందరూ కలిసి తోశారు. సలోమిగారు సంచుల మీద టార్చి వేసి చూసింది. పిల్లలు చురుగ్గా తిరుగుతున్నాయి. ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంది.

నిరంజన్‌కి ధైర్యం తిరిగొచ్చింది.

"అందరూ గుంపుగా ఎందుకయ్యా? ఒక్కొక్కరే వస్తే మ్యాపు ఎర్రబడదుగా."

వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. చంటిపిల్ల తండ్రి గొంతు తగ్గించాడు.

"భయం సార్. ఇక్కడ దెయ్యాలున్నాయంట... మొన్న టీకొట్టు దగ్గర మీరే చెప్పారు."