కాన్పుగది వెనక గది

గిడ్డమ్మకు అన్యాయం జరిగింది 2019 జూన్ 9న, మా మండలం ఆసుపత్రిలో. ఊరి పేరు చెప్పను. చెబితే గోడలకు సున్నం కొట్టి ఇంకో ఫోటో దిగుతారు. తొలికాన్పు. పొట్ట మీద మోచేత్తో అదిమి, తోయి తోయి అని తిట్టి బిడ్డను లాగారు. కింద మలద్వారం దాకా చిరిగింది. పైపైన కుట్టి పంపారు. చీము పట్టి, నెల తిరక్కుండానే పోయింది. దాని ఒళ్ళే అంత అన్నారు, చదువుకున్నోళ్ళు.

అప్పట్నుంచి కాన్పుగది వెనక, బీగం వేసిన గదికి చెడ్డపేరు. గిడ్డమ్మ అందులో ఇంకా నొప్పులు పడుతోందట. తమ తప్పును తప్ప దేన్నైనా నమ్మే ఆ సిబ్బంది, దెయ్యాన్నీ నమ్మారు.

పోయిన నెల గిడ్డమ్మ చెల్లెలు శివజ్యోతికి నొప్పులొచ్చాయి. కర్నూలు దూరం. మళ్ళీ అదే ఆసుపత్రి, అదే మంచం. నొప్పులింకా దూరదూరంగానే ఉన్నాయని, తల్లి శివలీల అర్ధరాత్రి వేడినీళ్ళకు చెంబు పట్టుకుని వరండాలో పోతాంది...

ఆ గదికి బీగం లేదు.

తలుపు సందులో సన్నటి వెలుతురు. లోపల గుసగుస — "తోయొద్దు తల్లీ... మెల్లగా... ఊపిరి ఇడువు..."

శివలీల తలుపు దగ్గరికి పోయింది. "గిడ్డీ... నువ్వేనా?"

సందులోంచి చూసింది. బల్ల మీద ఆడమనిషి నడుము. తల లేదు. చేతుల్లేవు. తొడలు సగానికి తెగి ఉన్నాయి. వాటి మధ్య నుంచి — బిడ్డ తల సగం బయటికొచ్చింది. ఒక తెల్లటి చెయ్యి ఆ తలను నిదానంగా ఆపుతాంది. ఇంకో చెయ్యి గుడ్డతో కింద ఒత్తిపట్టింది.

చెంబు జారిపడింది.

సెల్లు లైటు ఇటు తిరిగింది. వారం కిందట చేరిన నర్సు ఆరాధన, చేతులకు గ్లౌజులు. "అరవొద్దు పెద్దమ్మా. రబ్బరు బొమ్మ. చిరక్కుండా కాన్పు చేసేది నేర్పే బొమ్మ."

"యాడిది?"

"ఈడే ఉండాది, ఆరేండ్లుగా. విరిగితే జీతంలో కోస్తారని బీగమేసినారు. నేనే పగలగొట్టినా. తెల్లారేలోపు చేతికి పట్టు దొరకాల... నీ చిన్నదానికి."

తెల్లారింది. శివజ్యోతి కాన్పయింది, ఒక్క కుట్టు లేకుండా. తన కాళ్ళ మీద తను నడిచి బయటికొచ్చింది. ఆరాధనకు మెమో వచ్చింది, బీగం పగలగొట్టినందుకు.

ఆ బొమ్మ వచ్చిన పెట్టె మూతకు అంటించిన కాగితాన్ని శివలీల సెల్లులో ఫోటో తీసి నాకు తెచ్చింది. ఆమెకు చదువు రాదు. చదివాను. ఆరాధన కోసేదాకా సీలు కూడా ఊడని ఆ పెట్టెలోని బొమ్మ మీద, అందరూ సాధన చేసి నేర్చుకున్నారని పదకొండు సంతకాలు. మొదటిది గిడ్డమ్మ పొట్ట మీద మోచెయ్యి పెట్టినామెది.

కింద తేదీ: 2019 మే 17.