పౌనా పాటకు పడిన కట్టు

రుసాలియా పండుగ ఆదివారం... సరిగ్గా మిట్టమధ్యాహ్నం! కాలి కింద నీడ కూడా మిగలని ఆ ఘోర ఘడియలో, మబ్బు తునక లేని ఆకాశం భీకరంగా ఉరిమింది. పట్టపగలు గుడ్లగూబ కూసింది... మూడుసార్లు! బడి ముందు మైదానంలో నా మనవరాలు పౌనా కెవ్వున అరిచి, వెన్ను విల్లులా వంచి నేలకొరిగింది!

ఇలా పడడం మా హోమోల్యే కొండల్లో కొత్త కాదు. ఆ పండుగనాడు అదృశ్యశక్తులు ఆడవాళ్ళను ఆవహిస్తాయి. పడినామెను నడుమ ఉంచి, ఊరంతా చేతులు కలిపి వలయంగా ఆడాలి. ఫిడేలు మీద ఆమె పాట మోగాలి. మాచిపత్రీ వెల్లుల్లీ నమిలి, నీళ్ళతో ముఖాన ఊదాలి. ఎవరి పాట వాళ్ళదే; వలయంలో ఆడేటప్పుడే అది బయటపడుతుంది. పరాయి పాటకు లేవరు. పొద్దు గుంకేలోగా లేవకపోతే... ఇక లేవరు! నా చెల్లెలు అలాగే పోయింది. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. దాని ఒక కాలికే మేజోడు ఉండడం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

పౌనా పాట వాయించే చెయ్యి మా ఆయన ప్రెడాది. ఆ చెయ్యి మట్టిలో కలిసి పద్నాలుగు నెలలు. పోకముందు, బడి పంతులమ్మ దెసంకా ఆ పాటను రికార్డు చేసి, వేలెడంత పెన్ డ్రైవ్‌లో పెట్టి నాకిచ్చింది. దాన్ని పరుగున తెచ్చి పాటల పెట్టెకు గుచ్చాం. ఉలుకూ లేదు, పలుకూ లేదు!

"ఎలా పలుకుతుందే, ముసలీ?"

గుంపు రెండుగా చీలింది. త్రాయిలో! క్షుద్రోపాసనకు మా కొండలన్నిటా పేరుమోసినవాడు... చంకలో తోడేలు పుర్రె, కళ్ళలో చితాగ్ని!

"శవం కొవ్వుతో కట్టు కట్టాను! పొద్దు గుంకేలోగా పిల్లను నా గడపలో పెట్టు. నేను లేపుతాను. లేచాక అది నాది... నా నోరై పలుకుతుంది, నా కాళ్ళై తిరుగుతుంది! ఈ వలయంలో చెయ్యి కలిపినవాడి ఇంట ఇక దీపం వెలగదు!"

కలిసిన చేతులు ఒక్కొక్కటే విడిపోయాయి...

ఎప్పుడు కట్టాడు? మొన్న శనివారం మా వాకిట్లో నిలబడి మంచినీళ్ళు అడిగింది అందుకేనా? పంతులమ్మ మీద కూడా నాకు అనుమానం పుట్టింది. వాడి పక్కింట్లోనే కదా అద్దెకుంటుంది!

"నీ దగ్గర ఇంకో ప్రతి లేదా?" అన్నాను, బడి గదిలోకి ఆమె వెంటపడి.

"ఉండేది, మామ్మా. మీ దగ్గర ఉందిగా అని చెరిపేశాను."

"చెరిపేశావా! ఎవరు చెరపమన్నారే నిన్ను?"

"చోటు చాల్లేదు, మామ్మా. తర్వాత తిడుదురుగాని, వెలుతురుకు అడ్డం లేవండి!"

ఆమెది పాత డొక్కు కంప్యూటరు. దాని మీద లినక్స్ అనేదేదో నడుపుతుంది. బొమ్మలుండవు, నల్లని తెర మీద తెల్లని అక్షరాలు... బీజాక్షరాల్లా పుడుతూ, పైకి పాకుతూ, మాయమవుతూ! పెన్ డ్రైవ్ గుచ్చి, ఆ అక్షరాలను ఆమె కళ్ళు చిట్లించి చదివింది.

"ఏదో తగిలిందని దీనికి తెలుస్తోంది. ఎవరు నువ్వు అని అడిగితే మాత్రం జవాబు లేదు."

"వాడు రానిస్తేగా జవాబు!"

పక్క కన్నంలో పెట్టింది. అక్కడా అదే మౌనం. వేరొక పెన్ డ్రైవ్ పెడితే చటుక్కున పలికింది. "అయితే లోపం కంప్యూటరుది కాదు, దీనిదే," అంటూ దాన్ని కిటికీ దగ్గర ఎండకు పట్టుకుంది. "మూతిలో ఏదో గడ్డకట్టింది, మామ్మా."

అనుకున్నంతా అయింది. శవం కొవ్వు! సూదితో గీకింది. పచ్చని పెళ్ళ ఊడి కాగితం మీద పడింది. ఆమె వాసన చూసింది.

"తేనె వాసనొస్తోంది!"

అది వినగానే సిగ్గుతో కుంచించుకుపోయాను. చనిపోయినవాళ్ళు అక్కడ చీకట్లో ఉండకూడదని, వాళ్ళ వస్తువుల మీద మేం తేనెమైనపు కొవ్వొత్తి నిలబెడతాం. పితృదినం వచ్చినప్పుడల్లా ఆయన టోపీ మీద పెట్టాను, కళ్ళజోడు పెట్టె మీద పెట్టాను... ఆయన పాట కదా అని దీని మీదా పెట్టాను! కారిన మైనమంతా మూతిలోకి దిగింది.

నలుగురిలో ఎలా చెప్పుకోను? బయట పౌనా పెదవులు నీలమవుతున్నాయి... కిటికీలోంచి తల బయటకు పెట్టి అరిచాను.

"ఒరేయ్ త్రాయిలో! శవం కొవ్వా? నా కొవ్వొత్తి మైనంరా అది! నేనే పోసుకున్నాను, బుద్ధిలేక! నువ్వు కట్టిందేముందిరా!"

గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. "మా ఆవు పాలు ఎండగట్టిందీ నేనే అన్నాడు వీడు. అది చూలుతో ఉందిరా, సన్నాసీ!" అంది పాలమ్మే కాతాలినా. విడిపోయిన చేతులు మళ్ళీ కలవసాగాయి.

"భస్మం చేస్తాను! అందరినీ భస్మం చేస్తాను!" త్రాయిలో అరుస్తూనే ఒకడుగు వెనక్కి వేశాడు.

పంతులమ్మ రేగుపళ్ళ సారాతో మూతిని తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ గుచ్చింది. "పేరు చెప్పింది, మామ్మా!" కానీ పాట ఉన్న అర మాత్రం తెరుచుకోలేదు. లోపల కొంత పుచ్చిపోయిందట.

"ఇందులోనే బాగుచేయబోతే ఉన్నదీ పోతుంది. ముందు ఉన్నదంతా ఎత్తి వేరేచోట పోసుకోవాలి."

సగం పోసుకుని ఆగిపోయింది... తెర మీది అంకె కదలదు! సూర్యబింబం కొండ కొమ్మును తాకింది.

"వెనక నుంచి చదివిస్తాను."

నా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. "తిరగేసి చదవడం క్షుద్రోపాసకుల పద్ధతి కదే!"

"ముందు దారి మూసుకుపోతే పెరటి దారిన వెళ్ళమా, మామ్మా?"

అంకె కదిలింది! నడుమ రవ్వంత తప్ప, పాటంతా చేతికొచ్చింది.

బడి గంట కింద పెట్టిన పాటల పెట్టెలో మా ప్రెడా ఫిడేలు ఏడ్చింది, నవ్వింది, ఉరికింది! వలయం తిరిగింది. పౌనా వేళ్ళు కదిలాయి... అంతలో ఆ పుచ్చిన చోటు వచ్చింది. పాట తెగింది!

త్రాయిలో వికటాట్టహాసం చేస్తూ, పుర్రె ఎత్తి, వలయం చీల్చుకుని నడుమకు దూకాడు. కానీ కాళ్ళు ఆగలేదు! ఊరు ఊరంతా నేలను దద్దరిల్లేలా తొక్కుతూ ఆ లోటును పూడ్చింది. ఫిడేలు తిరిగి అందుకుంది. నేను నమిలిన మాచిపత్రి నీళ్ళు పౌనా ముఖాన ఊదాను. అది కళ్ళు తెరిచింది!

దానిని వదిలిన శక్తికి ఎదురుగా వాడున్నాడు... దిక్కులు పిక్కటిల్లేలా కేక! పుర్రె తునాతునకలైంది. త్రాయిలో విల్లులా వంగి కూలిపోయాడు.

"ఇతని పాట ఏది? త్వరగా చెప్పండి!" అంది పంతులమ్మ.

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. వాడు ఏనాడూ ఎవరి వలయంలోనూ చెయ్యి కలపలేదు. వాడి పాట ఎవరికి తెలుసు? తెలిసినవన్నీ మోగించాం. కొండ మీద ఎరుపు సన్నగిల్లుతోంది.

పౌనా, ఇంకా తడి జుట్టుతోనే, వాడి పక్కన మోకరిల్లి ఒక్కో పాటా చెవిలో కూనిరాగం తీయసాగింది. "ఇది కాదు... ఇదీ కాదు, అమ్మమ్మా..."

పొద్దు గుంకింది.